పిల్లులున్న ఇంట్లో ఫ్లీల నిర్మూలన: ఏ మందు, ఏ పద్ధతి, ఏ ఇంటికి?

పిల్లి అదే పనిగా ఒళ్లు గీక్కోవడం మొదలుపెట్టగానే ఇంట్లో వాళ్లు వెతికేది బలమైన మందు కోసం. బలం ముఖ్యమే కాని, ఆ మందు ఫ్లీ (వెంట్రుకల మధ్య పరిగెత్తి దూకుతూ రక్తం తాగే చిన్న పురుగు) జీవితంలోని ఏ దశను, ఏ చోట తాకుతుందన్నది అంతకంటే ముఖ్యం. పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం, ఫ్లీలు పట్టిన ఇంట్లో మొత్తం సంతతిలో మనకు కనిపించే పెద్ద ఫ్లీలు 5 శాతం మాత్రమే. మిగిలినదంతా సుమారు 50 శాతం గుడ్లుగా, 35 శాతం లార్వాలుగా (గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగులుగా), 10 శాతం ప్యూపాలుగా (గూడు అల్లుకుని లోపల ఉండే దశలో) తివాచీలోనూ, సోఫా సందుల్లోనూ, పిల్లి పడుకునే గుడ్డల్లోనూ దాగి ఉంటుంది. ఒంటి మీది ఫ్లీలను ఒక పూటలో చంపే మందు వేసి సంతోషించినవాళ్లు పది రోజుల తర్వాత మళ్లీ మొదటికి రావడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

పిల్లులకు పట్టే ఫ్లీ దాదాపు ఎప్పుడూ టీనోసెఫాలిడిస్ ఫెలిస్ అనే జాతిది. పేరుకు పిల్లి ఫ్లీ అయినా కుక్కల మీద ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. ఆడ ఫ్లీ తొలిసారి రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, త్వరలోనే రోజుకు 40 నుంచి 50 దాకా పెట్టే స్థితికి చేరుతుంది. ఆ గుడ్లకు జిగురు ఉండదు కనుక అవి పిల్లి ఒంటి మీద నిలవక, అది నడిచిన చోట, దూకిన చోట, ముఖ్యంగా గంటల తరబడి నిద్రపోయిన చోట రాలిపోతాయి. వాటి నుంచి వచ్చే లార్వాలు వెలుతురు పడని వైపు జరిగి తివాచీ నూలు అడుగుకో, నేల పగుళ్లలోకో చేరి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తపు నలుసులను తిని పెరుగుతాయి. ఆ తర్వాత జిగట దారంతో గూడు అల్లుకుని, చుట్టూ ఉన్న దుమ్మూ ధూళీ దానికి అంటించుకుని ప్యూపాలుగా మారతాయి. గుడ్డు నుంచి పెద్ద ఫ్లీ దాకా ఈ ప్రయాణం వెచ్చగా తేమగా ఉండే చోట రెండు మూడు వారాల్లో ముగుస్తుంది, కాని గూటిలో సిద్ధమై కూర్చున్న ఫ్లీ వెంటనే బయటికి రావాలని ఏమీ లేదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వంటి సూచన ఏదో ఒకటి అందేదాకా అది నెలల తరబడి లోపలే ఉండగలదు. కొన్ని వారాలు తాళం వేసి ఉంచిన ఇంట్లో అడుగు పెట్టగానే ఒక్కసారిగా ఫ్లీలు కాళ్ల మీదికి ఎగబాకేది ఇందుకే. ఆ గూడును ఇళ్లలో వాడే ఏ పురుగుమందూ సరిగా ఛేదించలేదు.

ఈ వ్యాసంలో నా పక్షమేమిటో ముందే చెప్పడం మంచిది. డబ్బూ శ్రమా పరిమితంగా ఉన్నప్పుడు, మొదటి పెట్టుబడి ఇంట్లోని ప్రతి పిల్లికీ నెల రోజులో అంతకంటే ఎక్కువో పనిచేసే నమ్మకమైన మందు మీద పెట్టాలి. రెండవది వాక్యూమ్ క్లీనర్ మీదా, వేడినీళ్ల ఉతుకు మీదా. ఇంటికి కొట్టే మందు మూడవ స్థానంలో, అదీ అవసరమైతేనే వస్తుంది. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ఇల్లంతా పొగబెట్టి, పిల్లికి మాత్రం ఒక షాంపూ స్నానంతో సరిపెడతారు.

ముందు నిర్ధారణ

పిల్లి నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకునే జంతువు కనుక ఫ్లీలను తానే మింగేస్తుంది. అందువల్ల ఒక్క ఫ్లీ కూడా కంటికి కనిపించని పిల్లికీ ఫ్లీలు పట్టి ఉండవచ్చు. నమ్మదగిన పరీక్ష చాలా సులువైనది. తడిపిన తెల్ల కాగితం ఒకటి పరిచి, పేలదువ్వెన వంటి సన్నపళ్ల దువ్వెనతో పిల్లి తోక మొదలు దగ్గర, మెడ చుట్టూ చర్మానికి ఆనించి దువ్వి, దువ్వెనకు వచ్చిన నల్లటి నలుసులను ఆ కాగితం మీద దులపాలి. అది మామూలు మట్టి అయితే నల్లగానే ఉండిపోతుంది. ఫ్లీ విసర్జన అయితే నిమిషం రెండు నిమిషాల్లో ప్రతి నలుసు చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక వ్యాపిస్తుంది, ఎందుకంటే అది జీర్ణమైన పిల్లి రక్తమే. చర్మానికి అతుక్కుని కదలకుండా ఉబ్బి కనిపించే పురుగు మాత్రం ఫ్లీ కాదు, పిడుదు. ఫ్లీ పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉండి, వెంట్రుకల మధ్య పరిగెత్తి దూకుతుంది. ఈ తేడా మందు ఎంపికలో పనికొస్తుంది, ఎందుకంటే ఫ్లీలను చంపే మందులన్నీ పిడుదులను చంపవు.

ఫ్లీలను కేవలం చిరాకుగా తీసిపారేయకూడదు. వాటి లాలాజలం పడని పిల్లులకు నాలుగైదు కాట్లతోనే నడుము మీద, మెడ మీద చిన్నచిన్న పొక్కులు లేచి వెంట్రుకలు ఊడిపోతాయి. ఫ్లీని మింగిన పిల్లికి డిపిలిడియం కానినం అనే బద్దెపురుగు సోకవచ్చు. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి తెల్లటి తునకలు కనిపిస్తే ఫ్లీల మందుతో పాటు నులిపురుగుల మందు కూడా కావాలి. చిన్న కూనల్లో ఎక్కువ ఫ్లీలు పడితే రక్తహీనత ప్రాణాల మీదికి తెస్తుంది. మనుషులకు పిల్లి రక్కితే వచ్చే జ్వరానికి కారణమైన బార్టొనెల్లా హెన్సెలే అనే బాక్టీరియా పిల్లుల మధ్య వ్యాపించేదీ ప్రధానంగా ఫ్లీల వల్లనే.

పిల్లికి వేసే మందుల్లో ఏది?

మెడ వెనుక చర్మం మీద పిండే చుక్కల మందులనే ఎక్కువ ఇళ్లలో ముందుగా చూడాలి. వీటిలో రెండు రకాలున్నాయని గమనిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ రక్తంలోకి పెద్దగా ఇంకకుండా చర్మం మీది నూనె వెంట ఒళ్లంతా పరుచుకుని, తాకిన ఫ్లీని చంపుతాయి; ఫ్లీ కుట్టవలసిన పని లేదు. సెలమెక్టిన్ చర్మం గుండా రక్తంలోకి ఇంకుతుంది, ఫ్లీలతో పాటు చెవి పురుగులనూ గుండ్రటి నులిపురుగులనూ కూడా అదుపు చేస్తుంది. ఫ్లూరలనెర్, సరోలనెర్, ఎసాఫాక్సోలనెర్ వంటి ఐసాక్సజోలిన్ వర్గపు మందులు కూడా రక్తంలోకి చేరేవే కాని, వాటికి దొరకాలంటే ఫ్లీ ఒకసారి కుట్టి రక్తం తాగాలి. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, సెలమెక్టిన్‌లను నెలకొకసారి వేస్తే, పిల్లులకు వచ్చే ఫ్లూరలనెర్ చుక్కలు ఫ్లీల మీద ఒక్క మోతాదుతో సుమారు 12 వారాలు పనిచేస్తాయి.

ఏది మేలు? స్నానం చేయించని, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి పైవాటిలో ఏదైనా సక్రమంగా వేస్తే పనిచేస్తుంది, కనుక అక్కడ తేదీ మరచిపోకుండా వేయగలగడమే అసలు విషయం. నెలనెలా గుర్తు పెట్టుకోవడం కష్టమయ్యే ఇంటికి, పట్టుకుంటే చాలు పారిపోయే పిల్లికి మూడు నెలల మందు వల్ల కలిగే లాభం మందు బలం కంటే ఎక్కువ. చెవుల్లో నల్లటి గుల్ల, దురద కూడా ఉన్న పిల్లికి సెలమెక్టిన్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. లాలాజలం పడక అలర్జీతో బాధపడే పిల్లికి, కుట్టకముందే చంపే మందు మంచిదని వాదన వినిపిస్తుంది. విన్నప్పుడు సబబుగానే ఉంటుంది కాని, ఫ్లీల సంఖ్యను సున్నాకు తెచ్చే మందు ఏదైతే అదే అలర్జీకీ మందు. ఒకటి రెండు కాట్లు ఎక్కువా తక్కువా అన్నదాని కంటే వేగంగా, తప్పకుండా చంపడమే నిర్ణయాత్మకమని నా అభిప్రాయం. మూర్ఛ చరిత్ర ఉన్న పిల్లికి మాత్రం ఐసాక్సజోలిన్ వర్గాన్ని వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఈ వర్గపు మందులతో కొన్ని జంతువుల్లో వణుకు, తూలడం, మూర్ఛ కనిపించాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ పిల్లులు వీటిని ఇబ్బంది లేకుండా తట్టుకుంటాయని కూడా అదే సంస్థ చెప్పింది.

చుక్కలు వేసే తీరులో జరిగే పొరపాట్లే మందుకు చెడ్డపేరు తెస్తాయి. పుర్రె అడుగున, మెడ మొదలయ్యే చోట, అంటే పిల్లి నాలుక అందని చోట వెంట్రుకలను రెండు వైపులా పాయతీసి, తెల్లగా చర్మం కనిపించాక గొట్టం మొనను చర్మానికి ఆనించి పూర్తిగా పిండాలి. వెంట్రుకల మీద పడిన చుక్క వెంట్రుకల మీదే ఎండిపోతుంది. ఇంట్లో రెండో పిల్లి ఉంటే మందు ఆరేదాకా ఒకదాన్ని ఒకటి నాకకుండా వేరు చేయాలి. నాకిన పిల్లి చేదుకు నురగతో చొంగ కార్చుకోవడం చూసి విషమెక్కిందని భయపడతారు. ఎక్కువసార్లు అది రుచికి వచ్చిన ప్రతిక్రియే, కాసేపట్లో తగ్గిపోతుంది. చర్మపు నూనె మీద ఆధారపడే మందులకు ముందూ తర్వాతా రెండు రోజులు స్నానం కూడదు. ఇంగ్లండ్ నదీజలాల నమూనాల్లో ఫిప్రోనిల్ విస్తృతంగా కనిపించిందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పడంతో, ఈ మందులను అవసరం లేకుండా ఏడాదంతా వాడే అలవాటు మీద పశువైద్యుల్లోనూ చర్చ మొదలైంది. ఇంట్లోంచి బయటికి పోని, ఫ్లీలు లేని పిల్లికి అలవాటుగా వేస్తూ పోవడం కంటే నెలకోసారి దువ్వి చూడడం మేలని నేనూ అనుకుంటాను.

నోటి మాత్రల్లో నైటెన్‌పైరామ్ ఒక ప్రత్యేక పాత్ర పోషిస్తుంది. మింగించిన అరగంటలోనే ఫ్లీలు రాలడం మొదలై కొన్ని గంటల్లో ఒంటి మీదివి దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి, కాని ఒకటి రెండు రోజుల్లో దాని ప్రభావం ముగిసిపోతుంది. కనుక అది తొలి రోజు ఊరట కోసమే, చికిత్సంతా అది కాదు. వీధి నుంచి తెచ్చుకున్న పిల్లిని ఇంట్లోకి రానిచ్చే ముందు మాత్రం దీనికి సాటి లేదు. స్పినోసాడ్, లోటిలనెర్ మాత్రలు నెల రోజులు పనిచేస్తాయి. మొదటిదానితో వాంతులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఇంట్లో పాకే వయసు పసిపిల్లలు పిల్లిని హత్తుకుని తిరుగుతుంటే, ఒంటి మీద మందు పూత ఉండని మాత్ర వైపే మొగ్గాలి. అయితే పిల్లికి మాత్ర మింగించడం ఎంత సులువో పిల్లిని పెంచేవాళ్లకు చెప్పనవసరం లేదు. లుఫెన్యూరాన్ వీటన్నిటికీ భిన్నమైనది: పెద్ద ఫ్లీని చంపదు, అది పెట్టే గుడ్లు ఎదగకుండా చేస్తుంది. ఇప్పటికే ఫ్లీలున్న ఇంట్లో దాన్ని ఒంటరిగా నమ్ముకోకూడదు.

మెడపట్టీల మధ్య నాణ్యతలో ఉన్నంత తేడా మరే రకంలోనూ లేదు. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ కలిపి నెమ్మదిగా విడుదల చేసే పట్టీ 8 నెలల దాకా పనిచేస్తుంది, చుక్కల మందులతో దీటుగా నిలుస్తుంది. ఏదో వాసన పట్టించిన చౌక పట్టీలు మెడ చుట్టూ నాలుగంగుళాల మేర తప్ప ఫ్లీలకు పెద్ద అడ్డేమీ కావు. ప్రోపాక్సర్ అనే మందు ఉన్న పట్టీల అవశేషాలు పసిపిల్లలకు హాని చేయవచ్చన్న ఆందోళనతో అమెరికాలో తయారీదారులు వాటిని ఉపసంహరించుకోగా, 2016 ఏప్రిల్ తర్వాత వాటి సరఫరా ఆగిపోయింది. శబ్ద తరంగాలతో ఫ్లీలను తరిమేస్తామనే పట్టీలు పరీక్షల్లో పనిచేయలేదు. వాటి గురించి ఇంతకు మించి రాయడం అనవసరం. పట్టీ ఏదైనా రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి, కొమ్మకు తగులుకుంటే తెగిపోయే రకమై ఉండాలి, నకిలీలు ఎక్కువ కనుక నమ్మకమైన చోటే కొనాలి.

షాంపూ విషయానికి వస్తే, ఏ షాంపూ అయినా ఆ రోజు ఒంటి మీదున్న ఫ్లీలను కడిగేస్తుంది, మరునాడు గూళ్లలోంచి కొత్తగా ఎక్కేవాటిని ఆపలేదు. పైగా నీళ్లంటే బెదిరే పిల్లికి అదొక శిక్ష. మందు వేయడానికి వీల్లేని చిన్న కూనలకు తప్ప దాన్ని నేను సూచించను.

కుక్కల మందు, నూనెలు, వెల్లుల్లి

ఎంపికలో ఖర్చు, సౌకర్యం లాంటివన్నీ బేరీజు వేసుకోవచ్చు కాని, ఈ ఒక్క చోట బేరీజు లేదు. కుక్కలకు అమ్మే చుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ గాఢంగా ఉంటుంది, అది పిల్లికి విషం. మందులను విరిచి బయటికి పంపే గ్లూకురోనైడేషన్ అనే ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనంగా ఉండడం దీనికి ముఖ్య కారణం; పారాసిటమాల్ పిల్లిని చంపడానికీ ఈ బలహీనతే తోడ్పడుతుంది. చిన్న కుక్కకు వేసే గొట్టంలో సగం వేస్తే పిల్లికి సరిపోతుందనే లెక్క అందుకే చెల్లదు. చెవులు, ముఖం అదరడం, చొంగ, ఒళ్లంతా వణుకు, తర్వాత మూర్ఛలు, జ్వరం కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. అలా జరిగితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే తేలికపాటి సబ్బుతో మందును కడిగి, పిల్లిని గుడ్డలో చుట్టి, మందు డబ్బా చేత పట్టుకుని వెంటనే పశువైద్యుని దగ్గరికి పరుగెత్తాలి. వేడినీళ్లు వాడితే చర్మంలోకి ఇంకేది ఎక్కువవుతుంది. కుక్కా పిల్లీ ఒకే పరుపు మీద పడుకునే ఇంట్లో కుక్కకు కూడా పర్మెత్రిన్ లేని మందునే ఎంచుకోవాలి, ఎందుకంటే కుక్క ఒంటిని నాకినా, ఆనుకుని నిద్రపోయినా పిల్లికి అది అంటుతుంది.

సహజమైనవి కనుక హాని లేనివన్న భరోసాతో టీ ట్రీ నూనె, నిమ్మజాతి తొక్కల నూనె, పుదీనా నూనె వంటి గాఢమైన సువాసన తైలాలను పిల్లి ఒంటికి రాయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వెల్లుల్లి తినిపిస్తే రక్తం రుచి మారి ఫ్లీలు పోతాయని చెప్పుకుంటారు. ఫ్లీలు పోవు, పిల్లి ఎర్ర రక్తకణాలు మాత్రం దెబ్బతింటాయి. ఫిప్రోనిల్ కుందేళ్లకు ప్రమాదకరమన్నది కూడా రకరకాల జంతువులను పెంచేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇంట్లో దాగిన తొంభై అయిదు శాతం

ఇంటి పనిలో అగ్రస్థానం వాక్యూమ్ క్లీనర్‌దే. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో చేసిన ప్రయోగాల్లో, యంత్రంలోకి పీల్చబడిన పెద్ద ఫ్లీలలో సగటున 96 శాతం, అంతకు ముందరి దశలవి మొత్తంగా చచ్చిపోయినట్టు తేలింది. సంచిలోంచి అవి బతికి బయటికి వస్తాయన్న భయానికి పెద్దగా ఆధారం లేదు. అయినా సంచిని ఇంటి బయట ఖాళీ చేయడంలో నష్టమేమీ లేదు. తివాచీలో లోతుగా దిగి కుచ్చుకు చుట్టుకుపోయే లార్వాలన్నిటినీ యంత్రం లాగలేకపోయినా, వాటి తిండి అయిన ఎండు రక్తపు నలుసులను లాగేస్తుంది. దాని అదురుకు గూళ్లలోని ఫ్లీలు మేలుకుని బయటికి వచ్చి, మందు వేసిన పిల్లి మీదికి దూకి చస్తాయి. అందువల్ల మొదటి రెండు మూడు వారాలు వీలైతే రోజూ, ఆ తర్వాత రెండు మూడు రోజులకొకసారి ఊడ్చాలి. ఇల్లంతా సమానంగా తిరగడం కంటే పిల్లి ఎక్కువసేపు పడుకునే నాలుగు చోట్లు, సోఫా మెత్తల అడుగు, మంచం కింద, గోడ అంచులు శ్రద్ధగా పట్టడం వల్ల ఫలితం ఎక్కువ. తివాచీల్లేని నున్నటి నేల అయితే పలకల మధ్య సందులే లార్వాల నివాసం. అక్కడ యంత్రం సన్నటి ముక్కు, లేదంటే గట్టి చీపురూ తడిగుడ్డా సరిపోతాయి.

పిల్లి పక్కగుడ్డలను 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో వారానికోసారి ఉతకాలి. వాటిని దులపకుండా నాలుగు మూలలూ లోపలికి మడిచి తీసుకెళ్లాలి, లేకపోతే గుడ్లన్నీ దారి పొడవునా రాలుతాయి. ఉతకడానికి వీల్లేని సోఫాలకు ఆవిరి యంత్రం మంచిదే, కాని మిగిలిపోయే తడి లార్వాలకు మేలు చేస్తుంది కనుక వెంటనే ఆరబెట్టాలి. గాలిలో తేమ 50 శాతం కంటే తక్కువగా చాలాకాలం ఉంటే లార్వాలు ఎండి చస్తాయి. తేమ లాగే యంత్రం ఉన్న ఇంట్లో దాన్ని వాడడం మందుతో పోలిస్తే నెమ్మదైన పద్ధతి అయినా నిరపాయకరం.

ఇంటికి కొట్టే మందుల్లో చూడవలసిన పేర్లు మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్. ఇవి పురుగు ఎదుగుదలను అడ్డుకునేవి: గుడ్లు పొదగకుండా, లార్వాలు పెద్ద ఫ్లీలు కాకుండా చేస్తాయి, మూసుకున్న ఇంట్లో నెలల తరబడి నిలుస్తాయి. మెథోప్రీన్ ఎండ తగిలితే విరిగిపోతుంది కనుక ఎండ పడే వసారాలకు పైరిప్రాక్సిఫెన్ నయం. ఈ స్ప్రేలలో చాలావాటిలో పెద్ద ఫ్లీలను వెంటనే చంపడానికి పర్మెత్రిన్ లాంటిది కూడా కలుపుతారు, కనుక డబ్బా వెనుక పదార్థాల పట్టిక చదివిన తర్వాతే కొనాలి. కలిసి ఉన్నదే దొరికితే, కొట్టిన గది పూర్తిగా ఆరి గాలి ఆడేదాకా పిల్లులను లోపలికి రానివ్వకూడదు, చేపల తొట్టె ఉంటే మూసి గాలి మోటారు ఆపాలి లేదా తొట్టెనే తరలించాలి. ఈ మందులు చేపలకు తీవ్రమైన విషం. కొట్టే ముందు వాక్యూమ్ చేస్తే గూళ్లు మేలుకుంటాయి, మందు అడుగుదాకా దిగుతుంది.

గది మధ్యలో మీట నొక్కి తలుపేసి వచ్చే పొగమందు డబ్బాల మీద నాకు సదభిప్రాయం లేదు. మందు పైకి లేచి నేల మీదా బల్లల మీదా వాలుతుంది, ఫ్లీ లార్వాలు ఉండే మంచం కిందికీ సోఫా అడుగుకీ చేరదు. తినే పళ్లాలు, పిల్లి గిన్నెలు, బొమ్మలు మాత్రం మందులో తడుస్తాయి. వాటిలోని ఆవిరి మంటకు అంటుకునేది కావడంతో వెలుగుతున్న పొయ్యి దగ్గర పేలుళ్లు జరిగిన సందర్భాలున్నాయి. అదే డబ్బుతో చేతిలో పట్టుకుని సందుల్లోకి గురిపెట్టగల స్ప్రే వస్తుంది.

డయాటమేషియస్ మట్టి, బోరేట్ పొడి లాంటివి తివాచీలో చల్లితే నెమ్మదిగా లార్వాలను తగ్గిస్తాయి. మొదటిది పురుగుల పైపొరను గీరి ఎండగడుతుంది, తేమ ఉన్నచోట పనిచేయదు, గాలిలోకి లేచిన పొడి పిల్లి ఊపిరితిత్తులకూ మనవాటికీ మంచిది కాదు. రెండోదాన్ని పాదాలకు అంటించుకుని నాకే పిల్లులున్న ఇంట్లో నేను వాడమని చెప్పను. దీపం కింద జిగురు కాగితం పెట్టే ఉచ్చులు ఫ్లీలను నిర్మూలించవు, కాని ఏ గదిలో ఎక్కువున్నాయో, వారం వారం తగ్గుతున్నాయో లేదో చూపించే కొలతగా పనికొస్తాయి.

ఏ ఇంటికి ఏది

ఇంట్లోనే తిరిగే ఒకటి రెండు పిల్లులుండి, దువ్వెనకు అప్పుడప్పుడే నలుసులు వచ్చే ఇంటికి చుక్కల మందూ, వాక్యూమూ, ఉతుకూ చాలు; స్ప్రే కొనకుండా రెండు నెలలు చూడవచ్చు. మనుషుల చీలమండలకు కాట్లు పడుతున్నాయంటే ఇంట్లో గూళ్లు బాగా ఎక్కువైనట్టే, అక్కడ మొదటి రోజే నైటెన్‌పైరామ్ మాత్ర, దానితో పాటు నెల రోజుల మందు, ఎదుగుదలను ఆపే స్ప్రే మూడూ కలిపి మొదలుపెట్టడం న్యాయం. బయటికి వెళ్లి వచ్చే పిల్లి ప్రతిరోజూ కొత్త ఫ్లీలను తెచ్చుకోగలదు, కనుక ఇంటిని ఎంత శుభ్రం చేసినా ఒంటి మీద మందు విరామం లేకుండా ఉండాలి. 12 వారాల చుక్కలు గాని, 8 నెలల పట్టీ గాని దానికి తగినవి.

8 వారాలు నిండని కూనలున్న ఇల్లు వేరు. చాలా చుక్కల మందులకు 8 వారాలే కనీస వయసు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. వాటికి రోజూ సన్నపళ్ల దువ్వెనతో దువ్వడం, దువ్వెనను సబ్బు కలిపిన నీళ్ల గిన్నెలో ముంచి ఫ్లీలను ముంచేయడం ముఖ్య చికిత్స. సబ్బు నీటి ఉపరితల బిగువును చెడగొడుతుంది కనుక ఫ్లీలు మునిగిపోతాయి, మామూలు నీళ్లలో తేలి దూకేస్తాయి. నైటెన్‌పైరామ్ మాత్రను 4 వారాలు నిండి, దాదాపు 900 గ్రాముల బరువున్న కూనలకు ఇవ్వవచ్చు, కాని ఆ వయసుకు ఆ బరువు అన్ని కూనలకూ ఉండదు, తూచి చూడాలి. చిగుళ్లు పాలిపోయి, కూన మందకొడిగా పడి ఉంటే అది రక్తహీనత. దువ్వెనతో ఆగకుండా ఆ రోజే వైద్యునికి చూపించాలి. తల్లికి సెలమెక్టిన్ వంటి, పాలిచ్చే పిల్లులకు అనుమతి ఉన్న మందు వేస్తే కూనల మీదికి వచ్చే ఫ్లీల మూలం సగం తెగుతుంది.

పిల్లులు ఎన్ని ఉన్నా, కుక్క ఉన్నా, అన్నిటికీ ఒకే రోజు మందు వేయాలి. గీక్కోని పిల్లికి ఫ్లీలు లేవనుకుని వదిలేస్తే అదే గుడ్ల కర్మాగారమవుతుంది.

ఎన్నాళ్లు ఓపిక పట్టాలి?

మందు వేసిన తర్వాత కూడా రెండు నుంచి ఎనిమిది వారాల దాకా కొత్త ఫ్లీలు కనిపిస్తూనే ఉంటాయి. మందుకు దొరకని గూళ్లలోంచి వచ్చేవే అవి. ఈ దశలోనే మందు పనిచేయలేదని నిర్ణయించి, వారానికొక కొత్త మందు మార్చి, ఒకదాని మీద ఒకటి వేసి పిల్లికి జబ్బు తెచ్చేవాళ్లు ఎక్కువ. ఫ్లీల కోసం పిల్లిని ఒక గదిలో బంధించడం కూడా సరికాదు. మందు పూసిన పిల్లి ఇంట్లో మునుపటిలాగే అన్నిచోట్లా తిరగాలి, ఎందుకంటే గూటిలోంచి బయటపడ్డ ప్రతి ఫ్లీనీ తన మీదికి లాక్కుని చంపేది అదే. బాగా పట్టిన ఇల్లు పూర్తిగా తేరుకోవడానికి మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలూ మోతాదు తేదీ తప్పకూడదు.

మూడు నెలల తర్వాత కూడా తడి కాగితం మీద ఎర్రమరకలు తగ్గకపోతే వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి: ఏ జంతువుకైనా మందు తప్పిందా, పిల్లి బరువుకు తగిన గొట్టమేనా, చర్మం మీద పడిందా, స్నానం చేయించామా, మెట్ల కిందో అటక మీదో బయటి పిల్లులు పడుకునే చోటుందా? వీటన్నిటికీ జవాబు సరిగా ఉంటే అప్పుడు వేరే వర్గపు మందుకు మారడంలో అర్థముంది, అదీ పశువైద్యుని సలహాతో. ఇంటికి మందు కొట్టే నిపుణులను పిలిచే సందర్భం కూడా అదే. వాళ్లు వచ్చిన రోజున ఇంట్లో పిల్లులున్నాయని చెప్పి, వాడబోయే మందు పేరు, అది ఆరడానికి పట్టే సమయం కాగితం మీద రాసి ఇవ్వాలని అడగాలి. పేరు చెప్పడానికి తటపటాయించే వాళ్లచేత పని చేయించుకోకపోవడమే మంచిది.